అక్క నంబరు

సర్వర్ పడిపోయిందట. పడిపోవడానికి అదేమైనా మనిషా, మెట్టు తప్పిందా, కళ్లు తిరిగాయా అనుకుంది ఆమె, వరుసలో నిలబడి బుట్టను ఎడమచేతి నుంచి కుడిచేతికి మార్చుకుంటూ. బిల్లు కౌంటర్ల మీద తెరలన్నీ ఒక్కసారే నల్లబడ్డాయి. ఎర్రచొక్కాల పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు, పాపం వాళ్లకీ ఇదే కాస్త విశ్రాంతి. కాసేపట్లో వచ్చేస్తుందన్నారు, తర్వాత ఇంకాసేపు అన్నారు, ఇప్పుడు ఏమీ అనడం మానేశారు. వెనకాల నిలబడ్డ బట్టతలాయన "కనీసం మందులకైనా చేత్తో బిల్లు రాసివ్వొచ్చుగా, ఇదేం గోల" అని గొణిగాడు. మందులన్న మాట వినపడగానే ఆమె చెయ్యి దానంతటదే బుట్టలోకి పోయి రొట్టె ప్యాకెట్టును కొంచెం పక్కకి జరిపింది. రొట్టె కిందే ఉన్నాయి మాత్రలు, కడుపుమంటకో రకం, నొప్పికో రకం. ఎవరు చూస్తారని? ఎవరికి పట్టిందని? అయినా జరిపింది. వస్తువును వస్తువుతో కప్పడం ఈ షాపులో ఆమెకు నడక ఎంత అలవాటో అంత అలవాటు.

అసలు ఎందుకొచ్చిందో ఆమెకే తెలియదు. బావ కంటే ముందు చేరుకోవాలనుకుంది, అంతవరకు నిజం. చేరుకుని ఏం చేద్దామని? ఇదిగో తల్లీ, ఒకాయన వస్తాడు, లిఫ్టులు బాగుచేసే ఆయన, చేతులకు గ్రీజు మరకలుంటాయి, అడిగితే నా సంగతి చెప్పకు అని కౌంటరు పిల్ల గడ్డం పట్టుకుని బతిమాలుకుందామనా? తీరా వచ్చాక కాళ్లు వాటి దారిన అవి మందుల అరల దగ్గరికి పోయాయి. ఇంట్లో మాత్రలు అయిపోయాయి మరి, నొప్పికి ఇవన్నీ తెలుసా. పట్టుబడే రోజున కూడా అదే గోడ దూకే దొంగను ఏమనాలి? నవ్వొచ్చింది, నవ్వితే కడుపు కింది భాగంలో ఎవరో లోపల్నుంచి పిడికిలి బిగించినట్టయింది. నవ్వు మానేసింది.

పొద్దున తను పనిచేసే కళ్లజోళ్ల షాపు వెనకగదిలో అద్దం అంచు అరగదీస్తుండగా బావ ఫోన్ చేశాడు. ఎవరో పెద్దాయన చదువుకునే అద్దం, ఫ్రేములోకి వెంట్రుకవాసి ఎక్కువైంది, రాయి మీద ఆనించి మెల్లగా తిప్పుతోంది. బావ ఎప్పుడూ తిన్నావా అని మొదలుపెడతాడు. అక్క పోయాక మరీను, తిన్నావా అని అడిగి, తను తినలేదని చెప్పకుండా పెట్టేస్తాడు. ఇవాళ అదీ లేదు.

"అమ్మాయ్, మీ అక్క ఇంకా మందులు కొంటోంది."

రాయి తిరుగుతూనే ఉంది. అద్దం అంచు టక్కుమని పెచ్చు లేచింది.

"ఏం మాట్లాడుతున్నారు బావా?"

"నేను కాదమ్మా, ఆ పరిశోధన అమ్మాయి చెప్పింది. మీ అక్క ఫోను పోయిన నెల ఆవిడకే ఇచ్చేశాలే. దానికి షాపు నుంచి మెసేజీలు వస్తూనే ఉన్నాయంట. మీకిన్ని పాయింట్లు వచ్చాయి, థాంక్యూ, మళ్లీ రండి అని. ఎవరో దాని నంబరు చెప్పి కొంటున్నారు. అవే మందులు, అవే. వేరేవాళ్లవి కలిసిపోయాయని తేలితే మీ అక్క వివరాలు మొత్తం తీసేస్తారంట, పనికిరావంట. ఎట్లా తీసేస్తారు? నాకు మిగిలిందే అదొక్కటి. డ్యూటీ దిగగానే షాపుకెళ్తా. కెమెరాలుంటాయిగా, ఎవరో తేల్చేస్తా. చచ్చిపోయిన మనిషి నంబరు కూడా వదలరా జనం?"

వదలరు బావా, అనాలి అప్పుడు. నేనే, అనాలి. రెండక్షరాల మాట. నోరు తెరిస్తే బయటికొచ్చింది "జాగ్రత్తగా వెళ్లండి" అని. తేలు కుట్టిన దొంగలా కాసేపు ఆ పెచ్చు లేచిన అద్దాన్నే చూస్తూ కూర్చుని, షాపు ఓనరు దగ్గరికెళ్లి కడుపునొప్పిగా ఉందండీ, ఇవాళ్టికి వెళ్తానంది. ఇన్నాళ్లలో ఆయనకు చెప్పిన మొదటి నిజం అదే. ఫోను బీరువాలో, చీరల కింద, స్విచ్ ఆపేసి ఉందనుకుంది ఆమె. తను ఇక్కడ నంబరు చెప్పినప్పుడల్లా అది ఎవరి బల్ల మీదో గుర్రుమని కదిలేదన్నమాట. అక్క ఫోను ఎప్పుడూ అంతే, మోగేది కాదు, బల్ల మీద గుర్రుమంటూ పాకేది, పాకుతూ పాకుతూ ఓసారి టీ కప్పును కూడా తోసేసింది.

ఆ పరిశోధన అమ్మాయిని తిట్టుకుందామంటే మనసొప్పదు. వచ్చిన రోజు చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక గుమ్మం దగ్గర తటపటాయించింది, మంచినీళ్లు ఇస్తే గ్లాసంతా తాగి, అక్క ఫొటో చూసి కళ్లు దించుకుంది. ఇంత పిల్ల, చేతిలో పెద్ద సంచీ. మనం రోజూ ఏం కొంటామో, ఫోనులో ఏం నొక్కుతామో, ఎక్కడెక్కడ తిరుగుతామో అదంతా ఎక్కడో ఒకచోట పడి ఉంటుందండీ అంది. షాపులవాళ్లు దాన్ని సబ్బులమ్ముకోవడానికి వాడుకుంటారు, మేం జబ్బుల్ని ముందుగా కనిపెట్టడానికి వాడదామనుకుంటున్నాం అంది. ఒక్కరిది చూస్తే ఏమీ తెలియదండీ, వేలమందివి పక్కపక్కన పెడితే, డాక్టరు దగ్గరికి వెళ్లకముందే మనిషి ఒంట్లో ఏదో మొదలైందని కొన్నవాటిలో కనిపిస్తుందండీ. జబ్బు సంగతి మనిషి మనకు చెప్పదు, షాపుకు చెబుతుంది. ఆ మాట ఆ పిల్ల మామూలుగానే అంది గానీ బావ దానికి కదిలిపోయాడు. దాని చావు ఇంకొకరికైనా పనికిరావాలి కదమ్మా అంటూ చెప్పినచోటల్లా సంతకం పెట్టేశాడు. ఆమె వంటింటి గుమ్మంలో ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. అప్పుడు చెప్పొచ్చు. అమ్మా, ఆ నంబరు మా అక్కదే గానీ కొన్నది అక్క ఒక్కతే కాదు, నేనూ అదే నంబరు చెబుతాను అని అనొచ్చు. అంటే ఏమవుతుంది? ఆ పిల్ల మర్యాదగా తలెత్తి, మీరేం కొన్నారండీ అని అడుగుతుంది. అందుకే గ్లాసు కడగడానికి లోపలికెళ్లిపోయింది.

ఇంతకీ ఆ పిచ్చి అలవాటు చేసింది అక్కే. ఈ షాపు తెరిచిన కొత్తలో, గుమ్మానికి బెలూన్లు కట్టినప్పుడు, ఫోన్ నంబరు ఇస్తే పాయింట్లు వస్తాయన్నారు. అక్క లెక్కల టీచరు, పాయింట్లన్న మాట వింటే ఆగదు. విడివిడిగా అయితే ఇద్దరికీ ఏమీ రాదే పిచ్చుకా, నువ్వూ నా నంబరే చెప్పు, అన్నీ ఒకచోట పడితే ఏడాది తిరిగేసరికి ఏదో ఒకటి కొట్టేయొచ్చు అంది. పిచ్చుక అని అక్క తప్ప ఎవరూ పిలవరు. చిన్నప్పుడు అన్నం గింజగింజగా ఏరుకు తినేదని. సొంత నంబరు అడిగితే ఒక్కోసారి తడుముకునేది గానీ అక్క నంబరు నిద్రలో లేపినా చెప్పేది. పాయింట్లన్నీ పోగై చివరికో పెద్ద దుప్పటి వచ్చింది, నీలం రంగుది, ఇంత మందాన. నాదంటే నాదని కొట్టుకున్నారు ఇద్దరూ, ముసలితనం దగ్గరపడుతున్న ఆడవాళ్లు, షాపు గుమ్మం ముందే. నెలనెలా మార్చుకుందామని రాజీ. చివరి మార్పు జరగనేలేదు. ఆస్పత్రిలో అక్క కాళ్ల మీద కప్పింది ఆ దుప్పటే. తర్వాత దాన్ని ఇంటికి తేవడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ముందు నిలబడ్డావిడ సంకలో పసిదాన్ని వేసుకుని ఊగుతోంది. పసిది వెనక్కి తిరిగి, గుడ్లప్పగించి, ఆమెనే చూస్తోంది. ఏం చూస్తావే, నేను కూడా కొనుక్కోవడానికే వచ్చాను. తెరలు ఇంకా నల్లగానే ఉన్నాయి. బావ ఈపాటికి బస్సు ఎక్కి ఉంటాడు. కిటికీ పక్కన కూర్చుని ఉంటాడు, పెదవులు కదుపుతూ, మేనేజరుతో ఏం మాట్లాడాలో అభ్యాసం చేస్తూ. బావకు కోపం రాదు, వస్తే ముందు ఇంట్లో అభ్యాసం చేసుకుని గానీ బయటపెట్టలేడు. అక్క ఎగతాళి చేసేది, మీ బావ నన్ను తిట్టాలన్నా ముందురోజే చెప్పి తిడతాడే అని.

అక్క నంబరు మీద కొన్నవన్నీ వరుసగా రాసున్న ఆ కాగితాలు రాకపోయినా బాగుండేది. పరిశోధన అమ్మాయి మంచికే ఇచ్చింది, మీ ఆవిడవి మీకు చూసే హక్కుంది కదండీ అని. అక్కకు జబ్బని తేలడానికి దాదాపు ఏడాది ముందు నుంచే ఉన్నాయి అందులో, కడుపుమంట మాత్రలు, నొప్పి మాత్రలు, పుదీనా మందు సీసా, రబ్బరుతో చేసిన వేడినీళ్ల సంచి, మళ్లీ మాత్రలు, మళ్లీ మళ్లీ మాత్రలు, మధ్యమధ్యలో రొట్టె, సబ్బు, పిల్లల నోట్సులు దిద్దే ఎర్రపెన్నులు. బావ వాటిని ఫోనులో ఆమెకు చదివి వినిపించాడు, ఒకసారి కాదు. చదివి చదివి ఆయన నిలువునా నీరైపోయాడు. ఎక్కడో పదో అంతస్తులో లిఫ్టు మోటారు గొంతు మారితే కింద గేటు దగ్గరే తల ఒక పక్కకు వంచి విని చెప్పేస్తాను కదమ్మా, అన్నాడు. నా పక్కన పడుకున్న మనిషి లోపల అరిగిపోతుంటే నాకు వినపడలేదా? పోనీ నేను మొద్దునే, అది చెప్పొచ్చు కదా. డబ్బా తెచ్చుకుని, నేను స్నానానికి వెళ్లినప్పుడు మింగి, ఖాళీ అట్ట చెత్తబుట్టలో అడుక్కి తోసి ఉంటుంది. నా దగ్గర దాచింది. నేనంత పరాయివాణ్ణా దానికి? ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబుంది. ఆ మాత్రల్లో ఎక్కువ భాగం నావి బావా, అక్క మిమ్మల్ని పరాయివాణ్ణి చేయలేదు. ఆ ఒక్కమాట చెబితే ఆయన మళ్లీ మంచం మీద పడుకోగలడేమో, హాల్లో కుర్చీలో కూర్చుని తెల్లవార్చడం మానేస్తాడేమో. కానీ ఆ మాట చెప్పిన మరుక్షణం ఆయన అడిగేది ఇంకొకటి ఉంటుంది. మరి నీకేమైందమ్మా అని. దానికి జవాబు ఆమెకే వద్దు. తెలియకుండా ఉన్నంతకాలం అది కడుపుమంటే. నిలబడి చేసే ఉద్యోగం, వేళకు తినదు, గ్యాసు. అందరికీ ఉండేదే. అక్క కూడా అదే అంది. అచ్చం ఆ మాటలే అంది, గ్యాసే, అందరికీ ఉండేదేనే అని.

ఎప్పుడంది? ఇక్కడే. ఇదే షాపులో, సబ్బుల వరుస మలుపులో. ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడ్డారు, అనుకోకుండా, బుట్టలతో. అక్క గభాలున బుట్టలో సబ్బుపొడి ప్యాకెట్టు అడ్డం తిప్పింది. ఆమె కూడా అదే క్షణంలో రొట్టెను మీదికి లాగింది. ఇద్దరూ చూసుకున్నారు. ఏంటే పిచ్చుకా, ఏం దాస్తున్నావ్, ఎవడైనా ఉన్నాడా అని అక్క పకపకా నవ్వింది. నువ్వేం దాస్తున్నావో ముందది చెప్పు అని ఆమె కూడా నవ్వింది. సబ్బుపొడి పక్కనుంచి పచ్చటి సీసా మూత కనబడింది, పుదీనాది. ఏంటక్కా అంటే, గ్యాసేలేవే, అందరికీ ఉండేదే అంది. ఆమె మాత్రం తన మాత్రల సంగతి అనలేదు. అక్క ముఖం ఆ రోజు కొంచెం పాలిపోయి ఉందని ఇప్పుడనిపిస్తుంది, అప్పుడు లైట్ల వెలుగనుకుంది. తర్వాత ఇద్దరూ వేరువేరు కౌంటర్లకు వెళ్లి, ఇద్దరూ అదే నంబరు చెప్పారు. కాగితాల్లో అవి ఒకదాని కింద ఒకటి పడి ఉంటాయి, ఎవరు చూసినా ఒకే మనిషి రెండుసార్లు కొనుక్కుందనుకునేలా. అందుకని పూర్తిగా అబద్ధమూ కాదు ఆ కాగితాలు. మాత్రలు ఆమెవి. పుదీనా వాసన ఆమెకు పడదు, కాబట్టి సీసా అక్కదే. వేడినీళ్ల సంచి ఆమె కొననేలేదు, అదీ అక్కదే. అంటే అక్క నిజంగానే దాచింది. బావ దగ్గరా దాచింది, చెల్లెలి దగ్గరా దాచింది, చెల్లెలు అక్క దగ్గర దాచింది, అందరూ కలిసి ఒకే నంబరు దగ్గర మాత్రం ఏదీ దాచలేదు. ఖర్మ కాకపోతే ఏమిటిది.

ఆ రోజు సీసా మూత చూసినప్పుడు గట్టిగా నిలదీసి ఉంటే. పద, ఇప్పుడే డాక్టరు దగ్గరికి అని చెయ్యి పట్టి లాక్కెళ్లి ఉంటే. లాక్కెళ్తే అక్క ఊరుకునేదా, నీ బుట్టలో ఏముందో చూపించు ముందు అనేది. ఒకర్నొకరు పట్టిచ్చుకుని ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు. ఆస్పత్రిలో, అన్నీ అయిపోయాక, అప్పటికే కడుపంతా పాకిపోయిందని చెప్పిన డాక్టరు వరండాలో ఆమెను ఆపి, మీరు సొంత చెల్లెలా అనడిగాడు. అవునండీ. అయితే మీరు కూడా ఒకసారి చూపించుకోండమ్మా, ఆలస్యం చేయొద్దు. అలాగేనండీ అంది. అని, కింద క్యాంటీన్‌కి వెళ్లి టీ తాగింది. ఆ టీ ఎంత చల్లారిపోయి ఉందో ఇప్పటికీ గుర్తుంది గానీ, ఆ డాక్టరు ముఖం గుర్తులేదు.

అప్పట్నుంచి నడుం దగ్గర బట్టలు బిగుతవుతూనే ఉన్నాయి. చేతులూ మెడా సన్నబడుతుంటే కడుపొక్కటే ఎత్తుగా తేలింది. కళ్లజోళ్ల షాపు ఓనరు మంచివాడే, మంచివాళ్లకు నోటి దురద ఉంటుంది, ఏంటమ్మా ఈమధ్య ఒళ్లు చేస్తున్నావే అన్నాడు. సుఖపడుతున్నాను కదండీ అంది. పని చేసేటప్పుడు బట్టల మీద అడ్డంగా కట్టుకునే ముతక గుడ్డను ఇప్పుడు ఇంటికొచ్చేదాకా విప్పడం లేదు. రెండు ముద్దలు తింటే కడుపు నిండిపోతుంది, పిచ్చుకే పిచ్చుక.

భయమా? భయమే, ఇంకేముంది. అక్క చివరి వారం చూసిన మనిషికి భయం కాక మరేమొస్తుంది. అక్క గోడవైపు తిరిగి పడుకుని, వినపడకుండా ఉండాలని దుప్పటి అంచు కొరుక్కునేది. నీలం దుప్పటి అంచంతా దారాలు లేచిపోయింది.

అక్క పోయిన తర్వాత మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు ఆ నంబరు చెప్పాలని చెప్పలేదు. కౌంటరు పిల్ల నంబరండీ అంది, నోరు అలవాటుగా ఆ అంకెలు అప్పజెప్పింది. తెర మీద అక్క పేరు వచ్చింది. నిండు పేరు, ఇంటిపేరుతో సహా. ఆ పిల్ల దాన్ని చూసి, నవ్వుతూ, పేరు పెట్టి థాంక్యూ మేడమ్ అంది. ఆమె సంచీ తీసుకుని బయటికొచ్చి, బళ్లు పెట్టుకునే చోట గోడకానుకుని ఏడ్చింది, చాలాసేపు, సంచిలో పాలు కారిపోతున్నా చూసుకోకుండా. ఇంట్లో బావ ఆ పేరు ఎత్తడు, అది అంటాడు, మీ అక్క అంటాడు. స్కూల్లో కొత్త టీచరు వచ్చేసింది. ఆ పేరును ఇంకా బతికున్న మనిషిని పిలిచినట్టు పిలిచేది లోకంలో ఈ కౌంటరు పిల్ల ఒక్కతే. అందుకే మళ్లీ వచ్చింది. మాత్రల కోసం ఎలాగూ రావాలి, వచ్చినప్పుడల్లా అక్కను కూడా ఒకసారి పిలిపించుకుని వెళ్లేది. కొన్నిసార్లు నొప్పి లేకపోయినా వచ్చింది. ఆ పిల్ల పేరు పెట్టి పిలిస్తే ఆ, అని పలికింది కూడా. దొంగంటే ఇంకెవరు బావా, ఇదే కదా దొంగతనం.

టింగుమంది. ఒక తెర వెలిగింది, పక్కది, ఆ పక్కది. జనమంతా హమ్మయ్య అన్నారు. వరుస జరిగింది. వెళ్లిపోవచ్చు ఇప్పుడు, బుట్ట అక్కడే పెట్టేసి, పక్కనుంచి తప్పుకుని. బావ వస్తాడు, మేనేజరు కెమెరాలు చూపించడు, కుదరదు సార్, రూల్స్ ఒప్పుకోవు అంటాడు, ఆయన తల వేలాడేసుకుని ఇంటికి పోయి కుర్చీలో కూర్చుంటాడు. రేపట్నుంచి ఇంకో షాపు. ఊరినిండా షాపులే. పసిదానితో ఉన్నావిడ సామాన్లు బల్ల మీద పెడుతోంది. కాళ్లు కదలలేదు. కదలకపోవడానికి కారణం ధైర్యం ఏమీ కాదు, నొప్పి వల్లనేమో కూడా, ఆమెకే స్పష్టంగా తెలియదు.

"నువ్వూ ఇక్కడే ఉన్నావా అమ్మాయ్?"

బావ. డ్యూటీ బట్టల్లోనే వచ్చేశాడు, జేబులో స్క్రూడ్రైవరు, గడ్డం మాసిపోయి, కళ్లు గుంటలు పడి. ఆమెను చూసి పాపం ఆయనకు ధైర్యం వచ్చినట్టుంది.

"మంచిదైంది. నాతోపాటు ఉండు, మేనేజరుతో నేనొక్కణ్ణే మాట్లాడలేను. మాట తడబడుతుంది నాకు."

"బావా," అంది.

"ముందు నీ బిల్లు కానీయ్, పర్లేదు."

వరుస ఇంకొంచెం జరిగింది. ఇప్పుడు బల్ల ముందు ఆమే. బుట్టలోంచి రొట్టె తీసింది, పాలు తీసింది, సబ్బుపొడి తీసింది. మాత్రలు కూడా తీసి పెట్టింది. ఎర్రచొక్కా పిల్ల తలెత్తి, గుర్తుపట్టి, ముఖమంతా నవ్వయి, అక్క పేరు పెట్టి పిలిచింది.

"చాలా సేపు నిలబెట్టేశాం మేడమ్, సారీ. మీ నంబరు చెప్పక్కర్లేదు, నాకు నోటికొచ్చేసింది."

వేళ్లు ఆ అంకెలు నొక్కబోతున్నాయి. "ఆగమ్మా, ఆ నంబరు కొట్టకు," అంది ఆమె. పిల్ల ఆగిపోయింది.

వెనక్కి తిరిగి చూసింది. బావ పిల్ల వైపు చూశాడు, బల్ల మీది మాత్రల వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. అభ్యాసం చేసుకొచ్చిన కోపమంతా ముఖం మీద ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

"నువ్వా?"

"నేనే బావా."

"ఎప్పట్నుంచి?"

"అక్క ఉన్నప్పట్నుంచి. మా ఇద్దరికీ అదే నంబరు."

ఆయన పెదవులు కదిలాయి. లోపల ఆ కాగితాలు తిరగేస్తున్నాడని తెలుస్తూనే ఉంది, ఆయనకవి కంఠతా వచ్చు.

"మరి ఆ మాత్రలు..."

"నావే."

"పుదీనా మందు? సీసా ఉంది అందులో."

గొంతు దగ్గర ఆ వాసన వచ్చినట్టయి ఆమె మింగేసింది. "నాదే."

"వేడినీళ్ల సంచి?"

అన్నీ నావే అంటే అక్కవంటూ ఏమీ మిగలవు. ఆ పరిశోధన అమ్మాయి రేపు అక్క వివరాలు తీసి పక్కన పడేస్తుంది, అక్క మూలుగులన్నీ, ఎవరికీ చెప్పకుండా ఆ ఒక్క నంబరుకే చెప్పుకున్నవన్నీ చెరిగిపోతాయి. ఎవరో ఒకావిడ, ఎక్కడో, వాటివల్ల ఒక నెల ముందు డాక్టరు దగ్గరికి వెళ్లి ఉండేదేమో. ఆ ఒకావిడ ఎవరో ఆమెకు తెలియదు. బావ తెలుసు. ఎదురుగా ఉన్నాడు, గడ్డం మాసి, ఆ ఒక్క జవాబు కోసం చెయ్యి చాచినవాడిలా.

"అదీ నాదే బావా. అన్నీ నావే."

"అంటే అది నా దగ్గర ఏమీ దాచలేదా?"

"అక్క మీ దగ్గరేం దాస్తుంది?"

బావ భుజాలు జారాయి. ఎన్ని నెలల్నుంచి పైకి బిగబట్టుకున్నాడో అవి. కళ్లు తుడుచుకుని, చిన్నపిల్లాడిలా, నవ్వాడు కూడా. "దాచలేదు," అన్నాడు తనలో తను. "తెలిస్తే చెప్పేది. దానికీ తెలియలేదు." ఆమె తల ఊపింది. ఆ నవ్వు కోసమే అబద్ధమాడింది, అయినా చూస్తుంటే ఎక్కడో కలుక్కుమంది. నీకేమైందని నన్నెందుకు అడగవు బావా అనిపించింది, ఇంతకాలం ఆ ప్రశ్న నుంచే ముఖం చాటేసి తిరిగిన మనిషికి. వెనకాల బట్టతలాయన "కాస్త కానివ్వండమ్మా" అన్నాడు.

"మరి నంబరు ఏం కొట్టమంటారు మేడమ్?" అంది పిల్ల, ఏదో పెద్దవాళ్ల గొడవలో ఇరుక్కున్నట్టు మెల్లగా.

ఆమె తన నంబరు చెప్పింది. మధ్యలో ఒకచోట అక్క అంకె దొర్లింది, దిద్దుకుని మళ్లీ మొదట్నుంచి చెప్పింది.

"ఈ నంబరు మీద ఇప్పటిదాకా ఏమీ కొన్నట్టు లేదు మేడమ్. కొత్తగా పెట్టనా?"

"పెట్టు."

"పేరు?"

చెప్పింది. పిల్ల ఒక్కో అక్షరమే నొక్కింది. కొనేవాళ్లకు కనబడేలా ఇటువైపు తిప్పిన చిన్న తెర మీద ఆ పేరు వచ్చింది, దాని కింద ఒక్కటొక్కటిగా వస్తువులు పడటం మొదలైంది. ముందు మాత్రలే పడ్డాయి. బావ నవ్వు ఇంకా పూర్తిగా ఆరలేదు. కళ్లు తుడుచుకున్న చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది. ఆయన ఆ చిన్న తెర వైపు తిరిగి, కింద గేటు దగ్గర నిలబడి మోటారు వింటున్నట్టు తల ఒక పక్కకు వంచి, ఆమె పేరు దగ్గర్నుంచి చదవడం మొదలుపెట్టాడు.